‘ఒక ఊరి కథ’ వాల్‌పోస్టరు ఆనాటిదేనా, ఎలా తేల్చుకోవాలి?

కథల ఆధారంగా తీసిన సినిమాల పోస్టర్లు, పాటల పుస్తకాలు, స్టిల్స్ సేకరిస్తుంటాను. 1977లో హిందీ రచయిత ప్రేమ్‌చంద్ కథలు రెండు తెరకెక్కాయి. సత్యజిత్ రాయ్ ‘శత్రంజ్ కే ఖిలాడీ’ తీస్తే, మృణాల్ సేన్ ‘కఫన్’ కథను ‘ఒక ఊరి కథ’గా మన తెలుగులోనే తీశారు. వాసుదేవరావు నటన చూశాక ఆ సినిమా మీద మమకారం పెరిగిపోయింది.

పాత కాగితాల వ్యాపారి ఒకరి దగ్గర దాని వాల్‌పోస్టరు కనిపించింది. మడతల దగ్గర రంగు రాలి కాగితం తెల్లగా తేలింది, అంచులు పసుపు తిరిగాయి. భూతద్దంలో చూస్తే రంగుచుక్కలు చిన్న పువ్వుల్లా గుంపులు కట్టి ఉన్నాయి. అంటే ఇది ప్రెస్సులో ప్లేట్లతో వేసే ఆఫ్‌సెట్ అచ్చే అనిపిస్తోంది, ఇంక్‌జెట్ ప్రింటు కాదు. అయితే ప్రెస్సు పేరు ఉండాల్సిన కింది అంచును ఎవరో కత్తిరించేశారు. ఆఫ్‌సెట్ అయినంత మాత్రాన మొదటి విడుదల నాటిదని చెప్పలేం కదా! కాగితం మందం, వెనుకవైపు తీరు చూసి కాలం పోల్చగలిగినవారు ఉంటే, ఏమేం గమనించాలో దయచేసి చెప్పండి.

మరో సందేహం. వెనుక అంటించిన సెల్లోటేపు ఎండిపోయి, జిగురు గోధుమరంగు మరకగా ముందుకు దిగింది. కాగితం చిరగకుండా టేపు తీసే పద్ధతి ఏమిటి? లామినేషన్ మాత్రం సూచించకండి, పాత కాగితానికి అంతకన్నా అన్యాయం లేదు.

ఈ సినిమా స్టిల్స్ ఎవరి దగ్గరైనా ఉంటే కనీసం ఫోటో తీసి చూపించండి, ఎంతో రుణపడి ఉంటాను.