చార్టర్ స్కూల్లో పాపకు సీటు వచ్చింది, చేర్చాలా వద్దా? (నార్త్ కరోలినా, కేరీ, మారిస్‌విల్ ప్రాంతం)

వెన్నెల_మారిస్‌విల్

అందరికీ నమస్కారం. ఆగస్టు రాకముందే మా పాపకు ఐదేళ్లు నిండుతాయి. ఈ ఏడు కిండర్‌గార్టెన్‌లో చేర్చాలి. చలికాలంలో ఒక చార్టర్ స్కూలు (ప్రభుత్వ డబ్బుతోనే నడిచినా జిల్లా కాకుండా సొంత బోర్డు నడిపే బడి) సీట్ల లాటరీకి పేరు ఇచ్చాం. వెయిటింగ్ లిస్టులో 64వ స్థానం వచ్చిందంటే ఆశ వదులుకున్నాం. నిన్న రాత్రి పాపకు అన్నం కలుపుతుండగా మెయిలు వచ్చింది. సీటు ఉంది, శుక్రవారం లోపు జవాబు చెప్పమన్నారు.

మా చిరునామాకు జిల్లా కేటాయించిన బడి నడిచి వెళ్లేంత దగ్గర. రాష్ట్రం దానికి ఇచ్చిన గ్రేడు బి. చార్టర్ స్కూలుది ఏ. కానీ అది 11 మైళ్ల దూరం, బస్సు లేదు. మా వారు వారానికి మూడు రోజులు ఆఫీసుకు వెళ్లాలి, నేను ఉదయం ఎనిమిదిన్నరకల్లా పనిలో కూర్చోవాలి. కేరీ వెంకటేశ్వరస్వామి గుడిలో కలిసినవాళ్లందరూ "లాటరీలో తగిలిన సీటు ఎవరైనా వదులుకుంటారా!" అంటున్నారు. నేను గుంటూరు జిల్లాలో మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో చదివాను. ఊళ్లో ఉన్నది ఆ ఒక్క బడే, మా అమ్మానాన్నలకు ఎంచుకునే పని పడలేదు. ఏం చూసి ఒక బడి మంచిదని తేల్చుకోవాలి? పిల్లలను చార్టర్‌లో చదివించినవాళ్లు దయచేసి చెప్పండి.

ఏపెక్స్_నాన్న

ముందు సీటు ఒప్పుకోండి. అదీ ప్రభుత్వ బడే, ఫీజు లేదు. మనసు మారితే ఒక్క మెయిలు రాస్తే చాలు. ఆ రాసేదేదో త్వరగా రాయండి, మీ వెనక ఇంకో పిల్ల ఎదురుచూస్తూ ఉంటుంది. రెండో బిడ్డ ఉంటే అదీ ఆలోచించండి, తోబుట్టువులకు లాటరీలో ప్రాధాన్యం ఇస్తారు. మా చిన్నవాడికి సీటు అలాగే దొరికింది. మధ్యాహ్న భోజనం సంగతి కూడా అడగండి. మా బడిలో క్యాంటీన్ లేదు, రోజూ ఇంటినుంచే డబ్బా.

కృష్ణాతీరం

వెన్నెల గారూ, మా పెద్దవాడు ఒక చార్టర్‌లో మూడేళ్లు చదివాక జిల్లా బడికి మార్చాం. చిన్నది వేరే చార్టర్‌లో ఇప్పుడు నాలుగో తరగతి, హాయిగా ఉంది. రెండు రకాల అనుభవమూ ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఏ, బి అక్షరాలు చూసి నిర్ణయించవద్దు. మన నార్త్ కరోలినాలో ఆ గ్రేడులో 80 శాతం పిల్లల మార్కులకు పోతుంది. ఒక ఏడాదిలో పిల్లలు ఎంత ముందుకు వచ్చారన్నదానికి మిగిలేది 20 శాతమే. ఇంటినిండా పుస్తకాలు, సాయంత్రం లెక్కల ట్యూషన్ ఉన్న పిల్లలు చేరితే బడి పెద్దగా కష్టపడకపోయినా మార్కులు వస్తాయి. పైగా ఆ పరీక్షలు మొదలయ్యేది మూడో తరగతిలో. మీ పాప తొలి మూడేళ్లు ఏం నేర్చుకుంటుందో ఆ అక్షరం చెప్పలేదు. రాష్ట్ర విద్యాశాఖ రిపోర్టు కార్డులో గ్రోత్ అని విడిగా ఉంటుంది. ఆశించినదానికంటే ఎక్కువ, ఆశించినంత, అంతకంటే తక్కువ అని మూడు మెట్లు. రెండు బడులవీ గత మూడు నాలుగేళ్లవి పక్కపక్కన పెట్టి చూడండి. బి వచ్చిన బడి ఏటా పై మెట్టు మీదే ఉంటే నా పిల్లను అక్కడికి పంపడానికి నేను వెనకాడను.

ఇక తరగతిలో కూర్చుని చూడాలి. టూర్‌లో చూపించే లైబ్రరీ, రోబోల గది చూసి వచ్చేయకండి. చిన్నదాన్ని చేర్చే ముందు నేను రెండు బడుల్లో ఒకటో తరగతి చదివే గంటలో కూర్చుంటానని అడిగాను. మొదటి బడిలో ఒక పిల్లవాడు బొమ్మల పుస్తకం చదువుతున్నాడు. పేజీలో 'షిప్' అని ఉంది. వాడు బొమ్మ చూసి 'బోట్' అన్నాడు. టీచరు చాలా బాగుందని మెచ్చుకుని పేజీ తిప్పింది. రెండో బడిలో ఒక పాప సరిగ్గా అలాంటి తప్పే చేసింది. టీచరు ఆ పాప పక్కన నేలమీద కూర్చుని, బొమ్మను అరచేత్తో మూసి, అక్షరాల కింద వేలు పెట్టి ఒక్కో ధ్వనీ పలికించింది. మూడోసారికి పాప తనంతట తాను కలిపి చదివింది. అంతా కలిపి నిమిషంన్నర. మిగిలిన పిల్లలు అప్పటికీ తమ పని తాము చేసుకుంటూనే ఉన్నారు. మనం గుణింతాలు దిద్ది చదువు నేర్చుకున్నవాళ్లం, రాసినట్టే చదువుతాం, బొమ్మ చూసి ఊహించే అవసరం మనకు రాలేదు. అందుకే ఇంగ్లీషు చదవడం ఎలా నేర్పుతున్నారన్నది మనలో చాలామందికి అడగాలని తోచదు. ఊహించి నెట్టుకొచ్చిన పిల్లలు బొమ్మలు లేని పుస్తకం చేతికి వచ్చాక తడబడతారు. నేను రెండో బడినే తీసుకున్నాను. అది పాత షాపింగ్ సెంటర్ భవనంలో నడుస్తుంది, ఆటస్థలం చిన్నది. ఆ రెండూ నాకు లోటు అనిపించలేదు.

టీచర్ల సంగతి. ఇక్కడ చార్టర్‌లో సగం మంది టీచర్లకు లైసెన్సు ఉంటే చట్టానికి చాలు. లైసెన్సు లేని మంచి టీచర్లనూ చూశాను కాబట్టి నేను అడిగేది వేరే ప్రశ్న: నిరుడు ఉన్న టీచర్లలో ఈ ఏడు ఎంతమంది ఉన్నారు? పెద్దవాడికి రెండో తరగతిలో ఒక్క ఏడాదే ముగ్గురు టీచర్లు వచ్చారు. మొదటి ఆవిడ అక్టోబరులో వెళ్లిపోయింది, రెండో ఆవిడ ఫిబ్రవరిలో. మూడో ఆవిడ వచ్చిన రోజు వాడు బూట్లు విప్పుకుంటూ, "అమ్మా, ఈవిడ పేరు నేర్చుకోవాలా?" అని అడిగాడు. ఆ రాత్రే బడి మార్చాలని తేల్చుకున్నాం.

చార్టర్ బడిని నడిపేది దాని సొంత బోర్డు. ప్రజల డబ్బుతో నడుస్తుంది కాబట్టి బోర్డు సమావేశాలు బహిరంగం, వాటి మినిట్స్ (అక్కడ ఏం మాట్లాడుకున్నారో రాసిపెట్టినవి) ఎవరైనా అడిగి చదవవచ్చు. గత ఏడాదివి కూర్చుని చదవండి. పిల్లల తలల లెక్కన డబ్బు వస్తుంది గనుక, అనుకున్నదానికంటే పిల్లలు తగ్గితే ఆ కంగారు అక్కడే కనబడుతుంది. ప్రిన్సిపాల్ ఎందుకు మారారు, ఆడిట్‌లో ఏం రాశారు, చార్టర్ (బడి నడపడానికి ఇచ్చిన అనుమతి) గడువు ఎప్పుడు తీరుతుంది, వీటి జాడ కూడా చాలావరకు అక్కడే దొరుకుతుంది. పెద్దవాడి బడిలో నేను ఈ పని చేసి ఉంటే వాడికి ఆ ఏడాది మిగిలేది.

రోజుకు రెండుసార్లు వెళ్లి రావడమంటే 44 మైళ్లు. బడి ఉన్న రోజునే ఉదయం ఒకసారి కారు నడిపి చూడండి.

తోటకూర_వనం

కృష్ణాతీరం గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. మా బాబుకు స్పీచ్ థెరపీ అవసరం. ఆ సేవలు చార్టర్ బడి కూడా ఇచ్చి తీరాలి, అది దేశమంతటికీ వర్తించే చట్టం. అయినా మేము వెళ్లిన ఒక బడిలో "మీ బాబుకు జిల్లా బడే బాగుంటుందేమో, ఆలోచించుకోండి" అని ఎంతో మెత్తగా అన్నారు. కారులో కూర్చున్నాక నాకు కన్నీళ్లు ఆగలేదు. వెన్నెల గారూ, మీ పాపకు అలాంటి అవసరం లేకపోయినా ఈ ప్రశ్న వేయండి: చదువులో వెనకబడిన పిల్లకు ఎవరు సాయం చేస్తారు, వారానికి ఎన్ని గంటలు? ఆ పని చేసే మనిషిని పిలిచి మీకు పరిచయం చేస్తే అక్కడ పని జరుగుతున్నట్టే. "మేము అందరినీ బాగా చూసుకుంటాం" అని ఊరుకుంటే మళ్లీ అడగండి.

వెన్నెల_మారిస్‌విల్

అందరికీ కృతజ్ఞతలు. సీటు ప్రస్తుతానికి ఒప్పుకున్నాం. ఈ ఉదయం 7:10కి పాపను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని చార్టర్ బడిదాకా వెళ్లాను. 38 నిమిషాలు పట్టింది. అక్కడ పిల్లలను దింపే కార్ల లైను చివర నిలబడితే తలుపు దాకా రావడానికి ఇంకో 20 నిమిషాలు. పాప సగం దారిలోనే నిద్రపోయింది.

గ్రోత్ చూశాం. మా దగ్గర బడి మూడేళ్లూ పై మెట్టు మీదే ఉంది. చార్టర్ రెండేళ్లు మధ్య మెట్టు, ఒక ఏడాది పై మెట్టు. ఇది తెలిసి మా వారు చాలాసేపు మాట్లాడలేదు. నిన్నటిదాకా ఆయనకు చార్టర్ మీదే మనసు. టీచర్ల లెక్క అడిగితే చార్టర్ ఆఫీసులో కనుక్కుని చెబుతామన్నారు, ఇంకా చెప్పలేదు. దగ్గర బడి ప్రిన్సిపాల్ గురువారం 9:40కి ఒకటో తరగతిలో కూర్చోవచ్చు, రమ్మన్నారు. పూటకు సెలవు పెట్టాను. కిండర్‌గార్టెన్ గది కూడా చూపించమని అడిగితే బాగుంటుందా?

కృష్ణాతీరం

తప్పకుండా అడగండి. పాప ముందు కూర్చునేది అక్కడే కదా. కుర్చీ గోడ వారగా వేసుకోండి, పిల్లలు పది నిమిషాల్లో మిమ్మల్ని మరిచిపోతారు. ఆ తర్వాత చూసిందే లెక్క.