‘నిరపాయకర కణితి’ అని రాయొచ్చా?

ప్రశ్న: రోగులకిచ్చే కరపత్రం ఒకటి తెలుగులో రాస్తున్నాను. కిడ్నీలో అరుదుగా వచ్చే ఆంకోసైటోమా, ఆంజియోమయోలైపోమా రెంటినీ ‘నిరపాయకర కణితి’ అన్నాను. చదివినవాళ్లు పెదవి విరిచారు. ఇంకేమనాలి?

జవాబు: పాథాలజీ ల్యాబులో పనిచేస్తాను కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను, విసుక్కోకండి.

ఆంజియోమయోలైపోమాని నిరపాయకరం అనకండి. రక్తనాళాలు, కండరం, కొవ్వు కలిసిన గడ్డ అది. క్యాన్సర్ కాదు, నిజమే. కానీ దాని నాళాలు బలహీనం. గడ్డ 4 సెంటీమీటర్లు దాటితే లోపల రక్తస్రావం అయ్యే భయం పెరుగుతుంది. అపాయం లేదని చదివిన మనిషి పక్కలో నొప్పొస్తే మాత్ర మింగి పడుకుంటాడు. ‘క్యాన్సర్ కాని గడ్డ’ చాలు. సీటీ స్కానులో కొవ్వు కనిపిస్తే దీన్ని మామూలుగా పోల్చుకోవచ్చు, కొవ్వు మరీ తక్కువున్నవే ఇబ్బంది పెడతాయి.

ఆంకోసైటోమాని పోల్చుకోవడం అంత తేలిక కాదు. మధ్యలో నక్షత్రంలాంటి మచ్చ దాని గుర్తంటారు గానీ కిడ్నీ క్యాన్సర్లలోనూ అలాంటిది కనిపిస్తుంది. కోస్తే ముదురు గోధుమరంగు. మైక్రోస్కోపులో మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగాలు) కిక్కిరిసిన గులాబీ కణాలు. క్రోమోఫోబ్ రకం క్యాన్సర్ కూడా ఒక్కోసారి అచ్చం ఇలాగే ఉండి మమ్మల్ని తిప్పలు పెడుతుంది. అప్పుడు సీకే7 అనే ప్రొటీన్ కణాల్లో ఉందో లేదో రంగు వేసి చూసే పరీక్ష చేస్తాం. క్రోమోఫోబ్‌లో సాధారణంగా చాలా కణాలు రంగు పట్టుకుంటాయి, ఆంకోసైటోమాలో అక్కడొకటి ఇక్కడొకటి. సూదితో తీసిన చిన్న ముక్కలో తేలకపోతే, తేలలేదనే రిపోర్టు ఇస్తాం.

మరో సభ్యుడు: పేరులో ‘ఆంకో’ ఉంటే జనం క్యాన్సరనే హడలిపోరా అండీ?

జవాబు: హడలిపోతారు. ఆ గ్రీకు మూలానికి ఉబ్బు, ముద్ద అనే అర్థం. ఉబ్బిన కణాలని 1931లో హాంపెర్ల్ అనే పాథాలజిస్టు ఆంకోసైట్ అన్నాడు. కరపత్రంలో ఆ పేరు పక్కనే ‘ఇది క్యాన్సర్ కాదు’ అని రాయాల్సిందే.

ప్రశ్న వేసినవారు: మరి క్యాన్సర్‌కి ‘రాచపుండు’ వాడనా?

జవాబు: వద్దండీ. పుండంటే పైకి కనబడేదనుకుంటారు, కిడ్నీ లోపలి గడ్డకి నప్పదు. క్యాన్సర్ అంటే పల్లెలోనూ తెలుసు.

ప్రశ్న వేసినవారు: సరే, ఆంజియోమయోలైపోమా గురించి ఇలా మార్చాను: ‘ఇది క్యాన్సర్ కాని గడ్డ. అయినా పెరిగితే లోపల రక్తం కారవచ్చు.’

జవాబు: బాగుంది. ‘ఉన్నట్టుండి పక్కలో తీవ్రమైన నొప్పి వచ్చినా, మూత్రంలో రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి’ అని కూడా కలపండి.