రెడీమేడ్ డబ్ల్యూడీఎం-3ఏ మోడల్‌ని నాన్న పనిచేసిన డబ్ల్యూడీఎం-2గా మార్చాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

రేణిగుంట_అబ్బాయి:

అందరికీ నమస్తే. మాది రేణిగుంట, ఇప్పుడు తిరుపతిలో కొర్లగుంటలో ఉంటున్నాం. నాన్న డీజిల్ అసిస్టెంట్‌గా చేరి డ్రైవర్‌గా రిటైరయ్యారు. 1988లో రేణిగుంట ప్లాట్‌ఫారం మీద ఇంజన్ పక్కన నిలబడి తీయించుకున్న కలర్ ఫొటో ఒకటి ఇంట్లో ఉంది, పోస్ట్‌కార్డు సైజు. సరిగ్గా ఆ ఇంజన్నే చేసి ఆయన చేతిలో పెట్టాలని నా కోరిక.

చాలా నెలలు డబ్బు దాచుకుని హెచ్‌ఓ స్కేల్‌లో, అంటే అసలు ఇంజన్‌కి 87వ వంతు సైజులో, రెడీమేడ్ డబ్ల్యూడీఎం-3ఏ కొన్నాను, డబ్ల్యూడీఎం-2 దొరకలేదు. రెండూ అమెరికా ఆల్కో కంపెనీ డిజైన్ డీజిల్ ఇంజన్లే కదా, కాస్త మారిస్తే సరిపోతుందనుకున్నాను. ఫొటో పక్కన పెట్టి చూస్తే ఒక్కొక్కటే తేడా బయటపడుతోంది. మోడల్‌కి షార్ట్ హుడ్ (క్యాబ్ ముందుండే పొట్టి ముక్కు భాగం) మీద డైనమిక్ బ్రేక్ వేడి బయటికి పోయే జాలీ ఉంది, ఫొటోలో ఉన్నట్టు లేదు, కానీ అక్కడ నీడ పడింది. మోడల్‌కి జంట హెడ్‌లైటు, ఫొటోలో ఒకటే పెద్ద గుండ్రటి లైటు. ఇంకో ఇబ్బంది నంబరు. మొదటి రెండు అంకెలు 17 అని స్పష్టంగా ఉన్నాయి, మిగతా మూడూ నాన్న భుజం వెనక ఉండిపోయాయి. ఆయనకి ఆ రోజు ఏ బండి మీద వెళ్ళారో గుర్తుంది, బొంబాయి వైపు, గుంతకల్లు దాకా. నంబరు మాత్రం గుర్తు లేదు.

బ్లేడు పట్టుకోవాలంటే భయంగా ఉంది. దేంతో మొదలుపెట్టాలి? పట్టాల వెడల్పు తేడా కూడా సరిచేయాలా?

చిత్తూరు_వర్క్‌బెంచ్:

తమ్ముడూ, ముందు బ్లేడు పక్కన పెట్టు. నువ్వు చేస్తున్నది డబ్ల్యూడీఎం-2 అనే రకాన్ని కాదు, 1988లో ఒక రోజు రేణిగుంటలో ఆగి ఉన్న ఒక్క ఇంజన్ని. ఈ ఇంజన్లు 1962లో అమెరికా నుంచి రావడం మొదలై, 1964 నుంచి వారణాసిలో తయారై, దశాబ్దాల పాటు షెడ్డుకొక రకంగా మారుతూ వచ్చాయి. నీది అని చెప్పి 2000 తర్వాత తీసిన ఫొటో చూసి లైటు పెడితే అది మీ నాన్న ఇంజన్ కాదు. కాబట్టి ఆ సంవత్సరానికి అటూఇటూ తీసిన ఫొటోలే చూడు, మిగతావి ఎంత బాగున్నా చూడకు.

17తో మొదలైందన్నావు కాబట్టి ఒక సంగతి ఖాయం చేసుకో. ఆ వరసలోనే జంబోలు అనేవి కొన్ని ఉన్నాయి, వాటికి షార్ట్ హుడ్ ఎత్తు తక్కువ, క్యాబ్ ముందు కిటికీలు పెద్దవి. నీ ఫొటోలో షార్ట్ హుడ్ పైభాగం క్యాబ్ కప్పు దాకా వచ్చిందా, కిటికీ కిందే ఆగిపోయిందా? కిందే ఆగితే నీ మోడల్ బాడీ అసలు పనికిరాదు. ఇది తేలకుండా ఏదీ కోయొద్దు.

తర్వాత కొలతలు. డ్రాయింగ్ లేదని బాధపడకు, ఫొటోలోనే స్కేలు ఉంది. చక్రం వ్యాసం 1092 మిల్లీమీటర్లు. ఫొటోని స్కాన్ చేసి పెద్దది చేసి, దగ్గర్లో ఉన్న చక్రం ఎత్తు కొలువు. అది 9 మిల్లీమీటర్లు వచ్చిందనుకో, ఫొటోలో ఒక మిల్లీమీటరు అంటే అసలు ఇంజన్ మీద దాదాపు 121. ఆ లెక్కన తలుపు ఎత్తు, మెట్ల మధ్య దూరం అన్నీ తీయొచ్చు. ఎత్తులే తీసుకో, అదీ చక్రానికి దగ్గర్లో ఉన్నవి. ఓరగా తీసిన ఫొటోలో పొడవులు కుదించుకుపోతాయి, వాటిని నమ్మొద్దు. పొడవుకి ఇంజన్ మొత్తం కొలత ఉంది, ఈ చివర బఫర్ (గుద్దుకోకుండా ఉండే గుండ్రటి దిమ్మ) నుంచి ఆ చివర బఫర్‌కి 17.12 మీటర్లు, 87తో భాగిస్తే దాదాపు 197 మిల్లీమీటర్లు. నీ మోడల్ ఆ కొలతకి వస్తోందో లేదో ముందు చూడు.

ఇక అసలు పని. బాడీ విప్పి మోటారు, గేర్లు ఉన్న భాగాన్ని వేరే డబ్బాలో మూతపెట్టి ఉంచు. ఆకురాయి పొడి గేర్లలో పడితే కరకరమని శబ్దం వస్తుంది, మళ్ళీ అది పోదు. జాలీని పైపైన పుట్టీతో నింపొద్దు, పుట్టీ ఆరాక కుంచించుకుపోయి జాలీ గీతలు పెయింటు కింద నుంచి మళ్ళీ కనిపిస్తాయి. జాలీ ముక్కని మొత్తంగా కోసి తీసి, అర మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటు వెనక నుంచి అతికించి, ఆ గుంటలో సరిగ్గా పట్టే ఇంకో ముక్క పెట్టి, అంచుల్లో మాత్రమే పుట్టీ రాయి. ఒక రోజు వదిలేసి అప్పుడు నీళ్ళ పేపరుతో రుద్దు.

హ్యాండ్‌రెయిల్స్ అచ్చులో పోసినవైతే మందంగా ఉంటాయి, తీసేసి 0.4 మిల్లీమీటర్ల ఇత్తడి తీగ పెట్టు. తీగ, దానికి తగ్గ సన్న డ్రిల్లు రెండూ నగలు చేసేవాళ్ళ దగ్గర దొరుకుతాయి, తిరుపతిలో నీకు ఆ కొరత లేదు.

ఇంజన్ ముందు అడ్డంగా ఉండే బీము మీద బ్రేకు గొట్టాలు మర్చిపోవద్దు. నీ మోడల్‌కి ఎయిర్ బ్రేక్ సన్న గొట్టాలు ఉండి ఉంటాయి. 1988లో చాలా బండ్లు ఇంకా వాక్యూమ్ బ్రేకు మీదే నడిచేవి, దాని గొట్టం లావుగా వంకర తిరిగి వేలాడుతుంది. ఫొటోలో ఏది ఉంటే అదే పెట్టు.

పాకాల_మీటర్‌గేజ్:

పట్టాల సంగతి నేను చెబుతాను. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు, 87తో భాగిస్తే 19 చిల్లర రావాలి. హెచ్‌ఓ పట్టా 16.5, అంటే అది 1435 స్టాండర్డ్ గేజ్‌కి చేసింది. అందుకే ముందు నుంచి చూస్తే మన ఇంజన్ల మోడల్స్ కాళ్ళు దగ్గరగా పెట్టుకుని నిలబడినట్టు ఉంటాయి.

నడిపించాలంటే మాత్రం దాని జోలికి వెళ్ళొద్దు. ఇరుసులు మార్చాలి, బోగీ సైడ్‌ఫ్రేములు (చక్రాల పక్కన ఉండే చట్రాలు) బయటికి జరపాలి, పట్టాలు నువ్వే వేసుకోవాలి, ఏడాది పోతుంది. అద్దాల పెట్టెలో పెట్టి నాన్నకి ఇవ్వడానికే అయితే నా మాట వేరు. మోటారు తీసేసి, పొడవాటి ఇరుసులు వేసి, 19 మిల్లీమీటర్ల వెడల్పుతో ఒక అడుగు పట్టా వేసి దాని మీద నిలబెట్టు. ముప్పై ఏళ్ళు ఆ ఇంజన్ ముందు నిలబడి చూసిన మనిషి అది సన్నగా ఉందని మొదటి చూపులోనే పట్టేస్తారు.

చిత్తూరు_వర్క్‌బెంచ్:

అన్నా, నేను ఒప్పుకోను. మోటారు తీసేస్తే రేపు పిల్లలు నడిపించమంటే ఏం చేస్తాం? నడిచే ఇంజన్‌కి ఒక ప్రాణం ఉంటుంది. పక్క నుంచి చూస్తే గేజ్ తేడా తెలీదు, ఫొటో కూడా పక్కగానే తీశారు కదా.

పాకాల_మీటర్‌గేజ్:

సరే, అది అతని ఇష్టం. కానీ నంబరు విషయంలో మాత్రం ఊహించి రాయొద్దు. తెలియని మూడు అంకెలకి ఏదో ఒకటి పెడితే అది ఇంకెవరి ఇంజనో అయిపోతుంది. పైగా ఆ నంబరు ఏ షెడ్డుదో తెలిసినవాళ్ళు రేపు అడుగుతారు.

ఒకటి చెయ్యి. 1:87లో ఐదడుగుల ఎనిమిది అంగుళాల మనిషి 20 మిల్లీమీటర్లు ఉంటాడు. ఆ సైజు బొమ్మ ఒకటి తీసుకుని, మీ నాన్న వేసుకున్న చొక్కా రంగు వేసి, ఫొటోలో నిలబడ్డ చోటే నిలబెట్టు. 17 కనిపిస్తుంది, మిగతాది భుజం వెనక ఉంటుంది, ఫొటోలో ఉన్నట్టే. రెండో వైపు నంబరు దొరికినప్పుడు రాసుకో. ఇంకో మాట, ప్రింటు ఉందంటే నెగెటివ్ కూడా ఇంట్లో ఎక్కడో ఉండాలి. రీల్లో పక్క ఫ్రేములు చూశావా?

తిరుచానూరు_పెయింట్:

రంగు గురించి ఎవరూ మాట్లాడలేదు. పాత కలర్ ప్రింట్లలో నీలం వైపు రంగు ముందు వెలిసిపోయి ఫొటో మొత్తం ఎర్రగా కనిపిస్తుంది. ఫొటోలో కనిపించే ఎరుపుని చూసి పెయింట్ కలిపితే తప్పు వస్తుంది. వెనక రేణిగుంట జంక్షన్ బోర్డు గానీ పడిందా? పసుపు మీద నల్ల అక్షరాలు, ఆ పసుపు ఎలా ఉంటుందో మనకి తెలుసు. స్కాన్‌లో బోర్డు సరైన పసుపు అయ్యేదాకా రంగులు సరిచెయ్యి, ఇంజన్ రంగు కూడా దాంతోపాటు చాలావరకు తన దారికి వస్తుంది. బోర్డు లేకపోతే చొక్కా తెలుపు ఉన్నా సరే.

పాత పెయింటు తీయడానికి హార్డ్‌వేర్ షాపు థిన్నర్ వాడొద్దు. నేను మొదటి మోడల్‌కి వాడాను, పది నిమిషాల్లో హుడ్ అంచు మెత్తబడి వంగిపోయింది, ఆ బాడీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది, చూసినప్పుడల్లా బాధేస్తుంది. మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు, అది కూడా ముందు బాడీ లోపలి వైపు ఒక చుక్క వేసి చూసి. కిటికీ అద్దాల దగ్గర ఫెవిక్విక్ వద్దు, దాని ఆవిరికి అద్దం తెల్లగా మసకబారుతుంది.

అక్టోబరు, నవంబరు వానల్లో స్ప్రే చెయ్యకు. గాల్లో తేమకి పెయింటు మీద తెల్లటి పొర వస్తుంది. ఫిబ్రవరి దాకా ఆగినా నష్టం లేదు.

రేణిగుంట_అబ్బాయి:

అన్నలందరికీ చాలా థ్యాంక్స్. నిన్న అమ్మ పాత ట్రంకుపెట్టె తీసింది, నెగెటివ్ స్ట్రిప్పు దొరికింది. పక్క ఫ్రేములో అమ్మ, నేను అదే చోట నిలబడి ఉన్నాం, నాకు నాలుగేళ్ళు. నాన్న ఫొటో తీస్తున్నారు కాబట్టి అడ్డం లేరు, కానీ ఈసారి నా తల అడ్డం వచ్చింది. అయినా చివరి అంకె కనిపిస్తోంది, 4. అంటే 17తో మొదలై 4తో ముగుస్తుంది, మధ్యలో రెండు అంకెలు ఇంకా వెతకాలి.

షార్ట్ హుడ్ క్యాబ్ కప్పు దాకా ఉంది, జంబో కాదు. జాలీ లేదు, ఇందులో నీడ పడలేదు కాబట్టి ఖాయంగా చెప్పగలను, అక్కడ రెండు బందులున్న మామూలు తలుపు ఉంది. గొట్టం లావుగా ఉంది, వాక్యూమే. బోర్డు సగం పడింది, పసుపు బాగానే తెలుస్తోంది.

మోటారు ఉంచుతున్నాను. నాన్నని అడిగితే నడవాలి అన్నారు. ఆదివారం జాలీ కోస్తాను, తలుపు బందుల కొలత తీశాక ఫొటో పెడతాను, కోసేముందు ఒకసారి చూసి చెప్పండి.