సమాధాన‘పరచు’వారా, సమాధాన‘పడు’వారా?

(మాట్లాడేవారిని హైదరాబాద్ పేటల పేర్లతోనే గుర్తించాం.)

తార్నాక: డిసెంబర్ 10, మానవ హక్కుల దినానికి మా చర్చి శాంతి కమిటీ ఫ్లెక్సీ వేయిస్తోంది. యేసు కొండమీది ప్రసంగంలో ఏడో ధన్యత (మత్తయి సువార్త 5:9) కావాలి. ‘సమాధానపడువారు ధన్యులు, వారు దేవుని కుమారులనబడుదురు’ అని నోట ఆడుతోంది గానీ ‘పడు’ దగ్గర ఏదో తేడాగా ఉంది.

సికింద్రాబాద్: పాత తెలుగు బైబిల్లో ‘సమాధానపరచువారు’. మీ ‘పడు’ అదే అధ్యాయం 24వ వచనంలోంచి వచ్చి చేరింది: ‘మొదట వెళ్లి నీ సహోదరునితో సమాధానపడుము’. ప్రతివాది గురించి చెప్పే 25లోనూ అదే క్రియ. గాయపడు–గాయపరచు, సిగ్గుపడు–సిగ్గుపరచు లాంటి జంటే ఇదీ: ‘పడు’ తనకు తాను, ‘పరచు’ ఎదుటివాళ్లను.

నల్లకుంట: అక్కడితో తేలదు మాస్టారూ. గ్రీకు మూలంలోని ‘ఐరేనోపోయోయ్’ కొత్త నిబంధన మొత్తంలో ఈ ఒక్కచోటే వస్తుంది. దాని క్రియారూపం కొలొస్సయులకు రాసిన పత్రిక 1:20లో ఉంది. దాన్ని మనవాళ్లు ‘సంధిచేసి’ అన్నారు. అదే వచనంలో ‘సమాధానపరచుకొన’ అన్నది మాత్రం వేరే క్రియకు, విడిపోయినవాళ్లను మళ్లీ కలుపుకోవడానికి. అంటే ఒక్క ‘సమాధానపరచు’ మీద రెండు పనుల బరువు పెట్టారు. నా మటుకు 5:9లో ‘సంధి చేయువారు’ ఉండాల్సింది.

మౌలాలి: సంధి సమఉజ్జీల మధ్య మాట సార్. దళితవాడ మీద దాడి జరిగాక పెద్దమనుషులు వచ్చి ‘సమాధానపడండి’ అంటే, కేసు వదిలేయమని. ఎస్సీ, ఎస్టీల మీద దాడుల చట్టం కింద పెట్టే అట్రాసిటీ కేసులో దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి, 60 రోజుల్లో ముగించాలి. ఒత్తిడంతా ఆ 60 రోజుల్లోనే వస్తుంది, సాక్షులు జారిపోయేదీ అప్పుడే. రాజీకి వీలున్న నేరాలు చెప్పే సీఆర్‌పీసీ 320వ సెక్షన్ (ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 359) జాబితాలో లేని నేరానికి రాజీ చెల్లదు, అట్రాసిటీ చట్టం నేరాలు ఆ జాబితాలో లేవు. ఈ సంగతి చెప్పడానికి ఊళ్లు తిరిగే కమిటీ ఫ్లెక్సీ మీద ‘పడు’ అచ్చయితే, రాజీ చేయించేవాళ్ల చేతికి మనమే వాక్యం ఇచ్చినట్టవుతుంది. ఇక్కడ ఆ రెండక్షరాలు చాలా ముఖ్యం.

నారాయణగూడ: అసలు ‘సమాధానం’ అనే మాటకే చిక్కొచ్చింది. వేదాంతం చెప్పే ఆరు సాధనాలు, శమదమాది షట్కంలో చివరిది సమాధానం, అంటే చిత్తం ఒకచోట నిలవడం. మలయాళంలో ఇప్పటికీ శాంతి అంటే సమాధానమే. తెలుగులో ‘జవాబు’ దాన్ని మింగేసింది. ట్యాంక్‌బండ్ మీద పోయేవాడికి అర్థం కావాలంటే ‘శాంతిస్థాపకులు’ వేయండి.

చిలకలగూడ: పద్యానికీ ‘శాంతి’యే అనువు, గురువు, లఘువులతో చక్కటి హగణం. ‘సమాధాన’ లఘువుతో మొదలై వెంటనే గురువు. సూర్యగణాల్లో గానీ ఇంద్రగణాల్లో గానీ ‘లగ’తో (లఘువు, గురువు) మొదలయ్యేది లేదు. సూర్య, ఇంద్రగణాలతో నడిచే తేటగీతిని ఆ మాటతో ఎత్తుకోవడం మహాకవి గుర్రం జాషువాకైనా సాధ్యం కాదు.

సికింద్రాబాద్: ఎత్తుకోలేం, ఇమడ్చగలం. మొదటి సూర్యగణాన్ని ‘స’తో ముగించండి, తర్వాతి ‘మాధాన’ తగణం, నిక్షేపంలాంటి ఇంద్రగణం.

నల్లకుంట: జాషువా పేరెత్తారు కాబట్టి గణాల దగ్గర ఆగకండి. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది గానీ, ఈ చర్చకు కావలసింది ‘గబ్బిలం’. మేఘంతో కాళిదాసు యక్షుడు ప్రేయసికి కబురంపాడు. గబ్బిలంతో జాషువా దళిత నాయకుడు అరుంధతీసుతుడు శివుడికి ఫిర్యాదు పంపాడు. తనకు అడ్డున్న గుడిలోకి గబ్బిలానికి అడ్డులేదు, అందుకే దాన్ని ఎంచుకున్నాడు. అతను సమాధానపడటానికి సిద్ధంగా లేడు. తెలుగులో అంతకు మించిన హక్కుల పత్రం నాకు కనబడదు.

మౌలాలి: అలా అయితే 5:9 పక్కన బైబిల్లోని 85వ కీర్తన వేయండి: ‘నీతి సమాధానములు ఒకదానినొకటి ముద్దుపెట్టుకొనినవి’. నీతి ముందు, సమాధానం తర్వాత. 1963లో పోప్ 23వ జాన్ ‘భూమిపై శాంతి’ లేఖ కూడా మనిషి హక్కులూ బాధ్యతలతోనే మొదలవుతుంది.

తార్నాక: రెండు వచనాలంటే ఆరడుగుల ఫ్లెక్సీలో అక్షరం చిన్నదైపోతుంది. ‘సమాధానపరచువారు’ ఒక్కటే తొమ్మిదక్షరాలు, డీటీపీలో ‘పర’ దగ్గర విరిచేస్తారు. యూనికోడ్‌ను ప్రెస్సులు వాడే అనూ ఫాంటులోకి మార్చేటప్పుడు ఒత్తులూ చెదురుతాయి, ప్రూఫ్ చూడకుండా వదలకూడదు. పాతబస్తీ కోసం ఉర్దూలో ఒక లైను కూడా అడుగుతున్నారు.

మెహిదీపట్నం: ఉర్దూ బైబిల్లో ‘సులహ్ కరాతే హైఁ’ అని ఉంటుంది. ‘కర్‌తే’ (చేసుకుంటారు) కాదు, ‘కరాతే’ (చేయిస్తారు). ఆ దీర్ఘం పోయిందంటే మీ ‘పరచు’ కాస్తా ‘పడు’ వైపు జారుతుంది.

మౌలాలి: సులహ్ అంటే ఠాణా దగ్గర రాజీ అనే అనుకుంటారు. ‘అమన్’ (శాంతి) వేయండి.

మెహిదీపట్నం: అమన్‌కు ‘కరానా’ అతకదు అన్నా, ‘ఖాయం కర్‌నా’ (నెలకొల్పడం) కావాలి.

నారాయణగూడ: ‘అమన్ ఖాయం కర్‌నేవాలే’ అంటే అచ్చంగా శాంతిస్థాపకులేగా!

సికింద్రాబాద్: అది మీ ప్రతిపాదనకు ఉర్దూ. నేను మాత్రం ‘పరచు’ వదలను.