క్యాంపర్ వాగులో పడింది, అలైన్‌మెంట్ రెండుసార్లు చేయించినా పక్కకే లాగుతోంది, ఎవరైనా చెప్పండి

ఘాట్‌బండి
నాలుగు రోజులుగా ఇదే పని. ఇవాళ పొద్దున ఆరింటి నుంచి బండి కిందే ఉన్నాను, ఇక నావల్ల కావట్లేదు. మాది చింతపల్లి వైపు. బొలెరో క్యాంపర్ వెనక కంప్రెసర్ ట్రాలీ తగిలించుకుని బండలు కొట్టే పనులకు తిరుగుతాను. పోయిన వారం వాగు దాటుతుంటే కుడి వెనక చక్రం జారి గోతిలో పడి బండకు కొట్టింది, ట్రాలీ హుక్ ఊడింది, వెనక బంపరు పోయింది, ముందు టై రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రాలను తిప్పే కడ్డీ) వంగింది. టై రాడ్, ఎండ్లు కొత్తవి వేశాం. హుక్ మళ్లీ వెల్డింగ్ చేయించాం. నర్సీపట్నంలో అలైన్‌మెంట్ రెండుసార్లు అయింది. అయినా స్టీరింగ్ కుడికి తిప్పి పట్టుకుంటేనే తిన్నగా పోతుంది, వదిలితే ఎడమకు లాగేస్తుంది. వేగం 45 దాటితే సీటు కింద గడగడ. ఇంకా ఏం మార్చాలి? సోమవారం పని ఒప్పుకున్నాను, టెన్షన్‌గా ఉంది.

లేత్‌పని
స్టీరింగ్ తిన్నగా పెట్టి ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్య వరకు టేపు పట్టండి. రెండు పక్కలా. ఎంత వచ్చిందో రాయండి.

నాలుగుచక్రాలు
ఇది ఇంజిన్ బలం నాలుగు చక్రాలకూ పోయే ఫోర్ వీలా, వెనక రెండిటికే పోయే టూ వీలా? అది చెప్పకుండా అడిగితే ఎలా తమ్ముడూ. ఫోర్ వీల్ అయితే వాగులో వేసిన లివర్ తారు రోడ్డు ఎక్కాక తీశారా? ఈ బండ్లకు మధ్యలో డిఫరెన్షియల్ (ముందు, వెనక చక్రాలను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చేది) ఉండదు. మలుపులో ముందు చక్రాలు ఒక దూరం, వెనక చక్రాలు ఇంకో దూరం తిరుగుతాయి, మట్టిలో అయితే టైరు కాస్త జారి సర్దుకుంటుంది కానీ తారు మీద జారదు, ఆ బిగుతంతా షాఫ్టుల మీదే పడుతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, కింద నుంచి శబ్దాలు వస్తాయి. మా దగ్గర చాలామంది ఇది తెలియక గేర్‌బాక్సులు పోగొట్టుకున్నారు.

ఘాట్‌బండి
టూ వీలే అన్నా.
లేత్‌పని గారూ, టేపు పట్టలేదు. మెషీన్ మీద అంతా ఓకే అన్నారు కదా.

లేత్‌పని
ముందు చక్రాల టో (లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయో) చూశారు. వెనక చూశారా?

ఘాట్‌బండి
వెనక అలైన్ చేయడానికి ఏముంటుంది? కమాన్ కట్టలే (పట్టీల స్ప్రింగులే) కదా.

కాగితాలు_ముఖ్యం
మిత్రమా, అందరూ చక్రాల గురించే మాట్లాడుతున్నారు, హుక్ సంగతి ఎవరూ అడగట్లేదు. మళ్లీ వెల్డింగ్ చేయించాం అన్నారు, దేనికి చేయించారు? బంపరు బ్రాకెట్‌కా, ఛాసిస్‌కా? లాగే బలం ఛాసిస్ రెండు పట్టాలకూ సమానంగా పోవాలి. వెనక అడ్డ పట్టీకి మధ్యలో అతికిస్తే మళ్లీ ఊడుతుంది, ఈసారి ఘాట్‌లో ఊడితే కింద వచ్చే బైకువాడి గతి ఏంటి? ట్రాలీ బరువులో సుమారు పదో వంతు హుక్ మీద పడేలా కంప్రెసర్ సర్దుకోవాలి. ట్రాలీ ముందు భాగం తేలికైపోతే అది తోక ఊపుతుంది. ఇంకో మాట, మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రాలీ కూడా మోటారు వాహనమే, దానికి విడిగా రిజిస్ట్రేషన్, బీమా ఉండాలి. బండికి అనుమతి లేకుండా చేసే మార్పులకు సెక్షన్ 52 ఉంది. రేపు ఏదైనా జరిగితే బీమావాళ్లు మొదట అడిగేవి ఇవే. మా ఇంట్లో ఒక క్లెయిము ఇలాగే పోయింది, అందుకే ఇంత చెబుతున్నాను.

ఘాట్‌బండి
సార్ మీరు చెప్పింది నిజమే, కానీ ముందు నా బండి తిన్నగా నడవాలి.

ఆటోనగర్_పాతకాపు
బాబూ, ముప్పై ఏళ్లు కమాన్ కట్టల పనే చేశాను. వెనక ఏముంటుంది అన్నారు చూడండి, తప్పంతా అక్కడే జరుగుతుంది. కట్టలన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టు తల హౌసింగ్ (వెనక ఇరుసు ఉండే డబ్బా) మీది ప్యాడ్ రంధ్రంలో కూర్చుంటుంది. యూ బోల్టులు నొక్కి పట్టేవే, హౌసింగ్ ఎక్కడ ఉండాలో చెప్పేది మాత్రం ఆ బోల్టు తలే. చక్రం బండకు కొట్టుకుంటే ఆ తల తెగుతుంది, హౌసింగ్ ఆ పక్క వెనక్కి జరుగుతుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. కుడి చక్రం వెనక్కి పోతే వెనక భాగం కుడికి నడుస్తుంది, బండి ముక్కు ఎడమకు తిరుగుతుంది, అందుకే మీరు స్టీరింగ్ కుడికి పట్టుకుంటున్నారు. ముందు చక్రాలు వందసార్లు సరిచేసినా ఇది పోదు. వానరోడ్డు మీద వెనక నుంచి ఎవరినైనా చూడమనండి, బండి ఏటవాలుగా నడుస్తూ కనిపిస్తుంది.
ఇంతకీ బండిని బయటికి ఎలా తీశారు? అది రాయలేదు.

ఘాట్‌బండి
జేసీబీతో. కుడి వెనక కమాన్ కట్ట ముందు హ్యాంగర్‌కి (కట్టను ఛాసిస్‌కి పట్టే బ్రాకెట్) గొలుసు కట్టి పక్కకు లాగారు. తర్వాత గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసుకు పోయే షాఫ్టు విప్పేసి లారీకి కట్టుకుని లంబసింగి ఘాట్ దింపాం.

లేత్‌పని
ఇది మొదటే చెప్పాలి.

ఆటోనగర్_పాతకాపు
షాఫ్టు విప్పారా! గుర్తు పెట్టి విప్పారా? జారే స్ప్లైన్ల (పళ్ల గాడుల) దగ్గర రెండు ముక్కలూ విడిపోతే అదే పన్నులో మళ్లీ కూర్చోబెట్టాలి, రెండు చివర్ల క్రాస్ జాయింట్ల (షాఫ్టును వంగి తిరగనిచ్చే కీళ్ల) చెవులు ఒకే వరసలో ఉండాలి. ఒక్క పన్ను తప్పినా ఒక క్రాస్ చేసే కుదుపును రెండోది సరిచేయలేదు, వేగం పెరిగేకొద్దీ గడగడ. మీ 45 అదే అయి ఉంటుంది.

పట్టాకొలత
అన్నీ బాగానే ఉన్నాయి గానీ జేసీబీతో హ్యాంగర్ పట్టి పక్కకు లాగారంటే ఇది ఛాసిస్ బెండు కేసు. సెంటర్ బోల్టు మార్చి పంపేస్తే నెలకు మళ్లీ వస్తాడు.

ఆటోనగర్_పాతకాపు
మీరు చూశారా బెండు ఉందని? ఈ రోజుల్లో ప్రతిదానికీ ఛాసిస్ బెండు అనేస్తున్నారు.

పట్టాకొలత
చూడలేదు, అందుకే కొలవమంటున్నాను. పైగా బెండు అంటే ఒక్కటి కాదు. పట్టా కిందికి కుంగితే ఒకటి, పక్కకు వంగితే ఒకటి, మెలిపడితే ఒకటి, ఒక పట్టా వెనక్కి ఒకటి ముందుకి జరిగి చట్రం డైమండ్ ఆకారం అయితే ఇంకొకటి. మందు ఒక్కోదానికి వేరు. మీరు హౌసింగ్ జరగడాన్ని లైన్ తప్పడం అంటున్నారు, నేను పట్టా జరగడాన్ని లైన్ తప్పడం అంటున్నాను.

ఆటోనగర్_పాతకాపు
మా ఆటోనగర్‌లో లైన్ తప్పిందంటే హౌసింగే.

పట్టాకొలత
విజయవాడలో అలా అంటారేమో, మా వైపు అనరు. సరే, ఘాట్‌బండి గారూ, సమమైన సిమెంటు నేల మీద బండి ఆపి, రెండు పట్టాల మీదా ఒకే చోట ఉండే రంధ్రాల నుంచి గుండుతాడు వేలాడదీసి నేల మీద సుద్దతో గుర్తులు పెట్టండి. ముందు ఎడమ నుంచి వెనక కుడికి, ముందు కుడి నుంచి వెనక ఎడమకు కొలవండి. రెండూ సమానంగా వస్తే చట్రం డైమండ్ కాలేదు, పక్కకు వంగలేదు అన్నట్టు, పక్కకు లాగే తప్పు హౌసింగ్‌దే అయి ఉంటుంది. తేడా వస్తే ఇంట్లో సుత్తితో సరిచేసే పని కాదది.

ఘాట్‌బండి
కొలిచాను. చక్రాల మధ్య కుడి పక్క 22 మి.మీ. ఎక్కువ. సుద్ద గుర్తుల కొలత రెండూ దాదాపు ఒకటే, 2 మి.మీ. తేడా. కట్ట విప్పితే సెంటర్ బోల్టు తల తెగి ఉంది, యూ బోల్టులు చేత్తో తిరిగాయి. హౌసింగ్ ఆయిలు విప్పితే చిక్కటి మజ్జిగలా వచ్చింది. ఇంకొకటి, కుడి కమాన్ కట్ట ముందు బ్రాకెట్ పక్కన పట్టా మీద జానెడు లోపు పగులు ఉంది, మట్టి కడిగితే కనపడింది.

లేత్‌పని
యూ బోల్టులు కొత్తవి. పాతవి సాగిపోయి ఉంటాయి. బిగించాక రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగి మళ్లీ బిగించండి.

ఆటోనగర్_పాతకాపు
మజ్జిగ అంటే నీళ్లు చేరాయి. వేడిగా ఉన్న హౌసింగ్ చల్లటి వాగులో ఒక్కసారి మునిగితే లోపలి గాలి కుంచించుకుని బ్రీదర్ (గాలి పోయే రంధ్రం) నుంచి, సీళ్ల నుంచి నీళ్లు పీల్చుకుంటుంది. పూర్తిగా దించి, కడిగి, జీఎల్-5 రకం గేర్ ఆయిలు పోయండి. కొన్నాళ్ల తర్వాత మళ్లీ విప్పి చూడండి. లోపలి క్రౌన్, పినియన్ గేర్ల పళ్లు కూడా వేలితో తడిమి చూడండి, తుప్పు, పెచ్చులు ఉంటే తెలుస్తుంది. బ్రీదర్‌కి ట్యూబు వేసి పైకి లాక్కోండి, మీకు వాగులు తప్పవు కదా.

పట్టాకొలత
పగులు సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు, గొలుసు కట్టిన చోటే అది. వెల్డింగ్ చేసేవాడు గ్యాస్‌తో ఎర్రగా కాల్చి సరిచేస్తానంటే ఒప్పుకోకండి, ఆ కాల్చిన చోట ఇనుము మెత్తబడి పక్కనే మళ్లీ చీలుతుంది. పగులు చివర ఎక్కడుందో చూసి అక్కడ చిన్న రంధ్రం వేయాలి, అప్పుడు ముందుకు పాకదు. తర్వాత పగులును వి ఆకారంలో గ్రైండ్ చేసి వెల్డింగ్, దాని మీద చివర్లు కోసుగా ఉన్న పట్టీ. పట్టా పై అంచుకు, కింద అంచుకు అడ్డంగా వెల్డింగ్ గీత పడనివ్వకండి. మొదలుపెట్టే ముందు బ్యాటరీ రెండు టెర్మినళ్లూ తీసేయండి, ఎర్తు క్లిప్పు వెల్డింగ్ చేసే చోటికి దగ్గరగా పెట్టమనండి, లేకపోతే కరెంటు బేరింగుల గుండా పోతుంది.

కాగితాలు_ముఖ్యం
వెల్డింగ్‌కి ముందే ఫొటోలు తీసి బీమావాళ్లకు పంపండి. తర్వాత పంపితే ఎవరూ నమ్మరు.

ఘాట్‌బండి
బోల్టులు వేశాను, షాఫ్టు ఒక పన్ను తిప్పి పెట్టాను. స్టీరింగ్ తిన్నగా వచ్చింది, 60లో కూడా గడగడ లేదు. థాంక్స్ అందరికీ. పగులు పని సోమవారం తర్వాత చూస్తాను, ముందు ట్రాలీ తీసుకెళ్లాలి.

పట్టాకొలత
వద్దు తమ్ముడూ. ఖాళీ బండి నడపండి, ట్రాలీ మాత్రం తగిలించకండి. ఆ బ్రాకెట్ ఊడితే హౌసింగ్ మొత్తం బయటికి వస్తుంది.

లేత్‌పని
నర్సీపట్నంలో రెండు గంటల పని అది.

పట్టాకొలత
ఘాట్‌బండి గారూ, చూశారా?