నాస్తికుల ఓటు ఎటు పడుతోంది? తెలిసినవాళ్లు చెప్పండి

మాది విజయవాడ, పటమట. ముదునూరులో 1940లో గోరా గారు పెట్టిన నాస్తిక కేంద్రం 1947లో మా ఊరికి వచ్చింది. ఆయన పార్టీలు లేని ప్రజాస్వామ్యం కావాలన్నారు. దేవుణ్ణి నమ్మని మా తాతయ్య మాత్రం ఎప్పుడూ కంకి కొడవలికే వేసేవారు. బాబాయి కూడా నమ్మడు. కానీ మొన్న వేలి మీద సిరా ఆరకముందే, "మనవాడికే వేశా" అన్నాడు. మనవాడంటే మా కులంవాడు. ఆ మాటకి చాలా బాధేసింది.

అమెరికాలో ప్యూ సంస్థ 2014 సర్వేలో నాస్తికుల్లో 69 శాతం డెమోక్రాట్ల వైపే ఉన్నారు. మన దగ్గర అలాంటి సర్వే ఏదైనా ఉందా? డిగ్రీ ప్రాజెక్టు నెలాఖరుకి ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది. మీ ఇళ్లలో మతం లేనివాళ్లు దేన్ని చూసి ఓటేస్తారు? పార్టీనా, కులమా, మనిషినా? పేర్లు అక్కర్లేదు, ఉన్నదున్నట్టు రాయండి.