అప్‌డేట్: లిక్విడ్ తీసుకున్నాం

కోడింగ్ రాని కంటెంట్ టీమ్ ఈమెయిల్ టెంప్లేట్లు తామే మార్చుకోవాలంటే, మా నోడ్ (సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపేది) ప్రాజెక్ట్‌కి ఈజేఎస్, హ్యాండిల్‌బార్స్, లిక్విడ్ అనే టెంప్లేట్ ఇంజిన్లలో (టెంప్లేట్‌లోని ఖాళీల్లో పేరు, తేదీ లాంటివి నింపేవి) ఏది మంచిదని అడిగాను కదా. ఓపిగ్గా చెప్పిన అందరికీ థాంక్స్. లిక్విడ్‌కే వెళ్లాం.

ఈజేఎస్‌ని ముందే పక్కన పెట్టేశాం. అందులో టెంప్లేట్‌లో ఏ జావాస్క్రిప్ట్ రాసినా సర్వర్‌లో నడుస్తుంది. హ్యాండిల్‌బార్స్‌లో ఆ భయం తక్కువే కానీ, తేదీ ఫార్మాట్ మార్చాలన్నా, రెండు విలువలు పోల్చాలన్నా మేమే హెల్పర్ (ఆ పని చేసే చిన్న కోడ్) రాసివ్వాలి. లిక్విడ్‌లో ఇవన్నీ ముందే ఉన్నాయి. ఆన్‌లైన్ దుకాణాలు నడిపించే షాపిఫై కంపెనీలో ఇది పుట్టిందే దుకాణాల వాళ్ల టెంప్లేట్లను సర్వర్‌కి ముప్పు లేకుండా నడపడానికి.

పేరు లేని చోట 'కస్టమర్ గారూ' అని రావాలని మా కంటెంట్ మేడమ్ అడిగారు. వేరియబుల్ (పేరు వచ్చి పడే చోటు) పక్కన నిలువు గీత, డిఫాల్ట్ అనే ఫిల్టర్ (విలువను మార్చి చూపించేది), కోలన్, కోట్స్‌లో ఆ మాట. ఒకసారి చూపిస్తే మిగతావన్నీ ఆవిడే రాసేసుకున్నారు. నాకు భలే సంతోషమేసింది.

ఒక్క జాగ్రత్త. వేరియబుల్ స్పెల్లింగ్ తప్పితే లిక్విడ్ ఏమీ అనకుండా ఖాళీగా వదిలేస్తుంది. అందుకే లిక్విడ్‌జేఎస్‌లో (లిక్విడ్‌కి జావాస్క్రిప్ట్ రూపం) స్ట్రిక్ట్‌వేరియబుల్స్ అనే సెట్టింగ్ ఆన్ చేశాం, లేని వేరియబుల్ కనిపిస్తే అది ఎర్రర్ ఇస్తుంది. దాంతోపాటు లీనియంట్‌ఇఫ్ అనే సెట్టింగ్ కూడా ఆన్ చేయండి, లేకపోతే డిఫాల్ట్ వాడిన చోట కూడా ఎర్రర్ వస్తుంది. ఇప్పుడు తప్పు ఏ లైన్‌లో ఉందో ప్రివ్యూలోనే కనిపిస్తోంది, మెయిల్ వెళ్లేముందు టెన్షన్ లేదు.